మార్కులు తగ్గాల్సిన పరీక్ష

చిరంజీవి పెద్దతల్లికి అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ మీ నాన్నా నేనూ క్షేమం. ఆ కొండ మీది వాతావరణ కేంద్రంలో, ఆ గాలిలో, ఆ వానలో నువ్వు కూడా క్షేమంగానే ఉన్నావని నమ్ముతున్నాను. ఉత్తరమంటే మొదట ఈ ముక్క ఉండాలని బడిలో నేర్పారు కాబట్టి రాశాను. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే, అందులో నాకు బాగా గుర్తున్నది ఇదొక్కటే. క్షేమం అన్న మాటలో నిజమెంతో చివరికంటా చదివి నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. నువ్వు అడిగినవి వరసగా చెప్తాను. మీ నాన్న రోజూ నడుస్తున్నారు. బస్సు డిపో దాకా వెళ్ళి, ముప్పై ఏళ్ళు తాను టిక్కెట్లు కొట్టిన బస్సులు బయటికి వస్తుంటే చూసి, ఏది ఎన్ని నిమిషాలు ఆలస్యమో ఇంటికొచ్చి నాకు చెప్తారు. నేను అడగకుండానే. దూది కోటు చంకల్లో బిగుతుగా ఉందని రాశావు. అక్కడ అంగుళం గుడ్డ లోపలికి మడిచి వదిలాను, కుట్టు విప్పుకుంటే సరిపోతుంది. బ్లేడుతో లాగకు, సూదితో ఒక్కో కుట్టూ ఎత్తు. వాన కొలిచే గాజు గొట్టం పగిలిందన్నావు, కొత్తది వచ్చిందా? అది వచ్చేదాకా అందాజుగా ఏదో ఒకటి రాసి పంపకు తల్లీ. కొలిచే పనిలో అందాజుకి చోటు లేదని చెల్లి అనేది.

ఇక నాలుగో ప్రశ్న. నువ్వు రాసిన మాటలే మళ్ళీ రాస్తున్నాను, తప్పించుకోకుండా ఉండటానికి. "చిగుళ్ళ డాక్టరమ్మ నాకు ఉత్తరం రాశారు. రెండో పరీక్షకి రమ్మని ఆరుసార్లు కబురు పెట్టినా నువ్వు వెళ్ళలేదట. పళ్ళ చుట్టూ ఎముక కరిగిపోతోందట, ఇంకా ఆలస్యమైతే ఒక్క పన్నూ నిలవదట. నీకు భయమా, బద్ధకమా, లేక చెల్లి పనిచేసిన ఆ మెట్లు ఎక్కలేవా? ఏదో ఒకటి చెప్పమ్మా."

మూడూ కాదు. అదేమిటో చెప్పడానికే ఈ కాగితాలు కొన్నాను. కానీ మొదట్నించీ రాయకపోతే నా చేత ఆ మాట రాదు. కాస్త ఓపిక పట్టు.

కిందటేడు నువ్వు కొండెక్కిన నెలకి, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లో కిటికీ తెర అంచు కుడుతున్నాను. చెల్లి మంచం మీద పడుకుని నన్నే చూస్తోంది. చప్పున లేచి కూర్చుంది.

"ఏదీ, నోరు తెరువు."

"ఎందుకే?"

"నేను పుట్టకముందు నించీ దారం ముందు పళ్ళతో తెంపేదానివి. ఇప్పుడు పక్క పళ్ళతో తెంపుతున్నావేం?"

"ముందు పళ్ళు కాస్త అలిగాయిలే."

"అలగడం కాదు, ఊగుతున్నాయి," అంది వేలు పెట్టి చూసి. "ఎన్నాళ్ళ నించి దాస్తున్నావు?"

మీ నాన్న పేపరు దించకుండానే, "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు. మీ అమ్మ దారంతోనే కానిచ్చేసేలా ఉంది," అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ నోరు మూసుకుని నవ్వాను. అప్పటికి రెండేళ్ళుగా అలాగే నవ్వుతున్నాను. ఇంట్లో ఎవరూ చూడలేదనుకున్నాను.

మర్నాడే తనతో పాటు పళ్ళ కాలేజీకి లాక్కుపోయింది. రెండో అంతస్తులో చిగుళ్ళ విభాగం, దాని వెనక తను పనిచేసే ల్యాబు. డాక్టరమ్మ సన్నటి కొలబద్దలాంటి పుల్లని ప్రతి పంటి పక్కనా చిగురు లోపలికి దించి అంకెలు చెప్తుంటే చెల్లి రాసుకుంది. మూడు, రెండు, ఐదు, ఏడు. ఏడు అన్నప్పుడు దాని కలం ఆగింది. ఆ గుంటలు ఎంత లోతుంటే ఎముక అంత దిగిపోయినట్టట. లేత ఆకునీ, పంటి గట్టునీ ఒకే మాటతో చిగురు అని పిలిచిన మహానుభావుడు నా నోరు చూస్తే మాట వెనక్కి తీసుకునేవాడు.

"ఎక్స్‌రే ఫిల్మ్ తీశారుగా, ఇంకా పరీక్ష ఎందుకే?" అన్నాను.

"ఫిల్మ్ చూపించేది పోయిన ఎముకని. మేం వెతికేది పోతున్న ఎముకని."

నాకు అర్థం కాలేదని నా మొహం చూస్తేనే దానికి తెలిసిపోయింది. అప్పుడు నా భాషలో చెప్పింది. "అమ్మా, మీ కుట్టు గదిలో తప్పు కుట్లు విప్పే ఆవిడ ఒకరు ఉంటారు కదా, మళ్ళీ కుట్టేవాళ్ళు వేరే ఉంటారు కదా. ఎముకలో కూడా అంతే. పాతది విప్పే కణాలు కొన్ని, కొత్తది కుట్టేవి కొన్ని. రెండూ సమానంగా పనిచేస్తే ఎముక గట్టిగా ఉంటుంది. చిగురుకి జబ్బు చేస్తే, విప్పేవాళ్ళని రమ్మని పిలిచే చీటీలు ఎక్కువైపోతాయి. ఆపే చీటీలు తక్కువైపోతాయి."

"అలాగైతే చొక్కా మిగలదు."

"నీ దవడ ఆ చొక్కాయే. ఆ చీటీలు చిగురు పక్కన ఊరే తేమలో దొరుకుతాయి. వాటిని మేం మార్కర్లు అంటాం. ఇది ఇంకా డాక్టరమ్మ పరిశోధనే, అన్నిచోట్లా చెయ్యరు. నిన్ను కూడా చేర్చుకుంటామన్నారు."

ఆ మాట దగ్గరే నేను దెబ్బ తిన్నాను. మార్కర్లు అంటే నాకు మార్కులని వినపడింది. "నీకు చాలా ఎక్కువ ఉండి ఉంటాయి," అంది అది. నేను లోపల్లోపల పొంగిపోయాను. మూడో తరగతిలో లెక్కల్లో ఏడు మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఈ వయసులో, అంత పెద్ద కాలేజీలో, ఎక్కువ మార్కులు! మర్నాడు కుట్టు గదిలో చెప్పేశాను కూడా. కాజాలు కుట్టే వదిన మిషను ఆపి మరీ, "ఎముకల పరీక్షలో ఫస్టు వచ్చిందట, చాక్లెట్లు పంచవేం?" అని గదంతా వినేలా అంది. సాయంత్రం చెల్లికి ఈ సంగతి చెప్తే అది నేల మీద కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"పిచ్చితల్లీ, ఇందులో మార్కులు తగ్గాలే! వైద్యం అయ్యాక మూడు నెలలకి మళ్ళీ చూస్తాం. అప్పుడు తగ్గితే నువ్వు పాసైనట్టు."

"పిల్లల మార్కులు తగ్గితే తిట్టిన నోరే ఇది. ఇప్పుడు తగ్గించుకోమంటే ఎలాగే?"

"పొద్దునా సాయంత్రం బ్రష్షు చేసుకుంటే ఎలాగో తెలుస్తుంది."

మొదటిసారి తేమ తీసింది అదే. నన్ను కుర్చీలో వాల్చి, పెదవి కింద దూది పెట్టి, చిన్న గొట్టంతో గాలి ఊది పన్ను ఆరబెట్టింది. గోరంత వెడల్పున్న కాగితం ముక్కని సన్నటి పటకారుతో పట్టుకుని చిగురుకీ పంటికీ మధ్య దూర్చింది. "ముప్పై లెక్కపెట్టేదాకా కదలకు, మాట్లాడకు," అంది. దాని మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. గుడ్డ కట్టుకున్న మొహం, పైన రెండు కళ్ళు. అది నన్ను చూడటం లేదు, ఆ కాగితాన్ని చూస్తోంది. బయటికి తీస్తే కొసన చీమ తలంత ఎరుపు. పారేసింది. "నెత్తురు అంటితే లెక్క తప్పుతుంది," అని కాసేపు ఆగి, ఇంకో చోట ఇంకో ముక్క పెట్టి మళ్ళీ ముప్పై లెక్కపెట్టింది. ఈసారి శుభ్రంగా వచ్చింది. దాన్ని చిటికెన వేలంత ట్యూబులో వేసి మూత బిగించి, మీద నంబరు రాసింది.

"పేరు రాయవా?"

"రాయకూడదు. పేరుంటే చూసేవాళ్ళ కన్ను పేరు వైపు లాగుతుంది. నువ్వు ఇరవై మూడు."

"తర్వాత?"

"గడ్డ కట్టే పెట్టెలో ఉంటుంది. రెండోది కూడా తీశాక రెండూ పక్కపక్కనే ఒకే పళ్ళెంలో పరీక్ష చేస్తాం. అయ్యాక పారేస్తాం."

డాక్టరమ్మ రెండు విడతల్లో చిగుళ్ళ లోపలంతా గీకి శుభ్రం చేశారు. నెల తిరిగేసరికి నెత్తురు రావడం ఆగింది. ముందు పన్ను ఊపు కూడా కాస్త తగ్గినట్టే అనిపించింది. రెండో పరీక్షకి ఇంకో నెల ఉందనగా చెల్లికి జ్వరం వచ్చింది.

ఆ మూడు రోజులూ నీకు తెలుసు, రాయను. ఒక్క మాట రాసి వదిలేస్తాను. పోతున్నదాన్ని చూపించే కాగితం ముక్క జ్వరానికి కూడా ఒకటి ఉంటే ఎంత బాగుండేదో. అందరూ మామూలు జ్వరమే అన్నారు, నేనూ అదే అన్నాను. నువ్వు కొండ దిగి వచ్చేసరికే అయిపోయింది.

తర్వాత నేను బ్రష్షు ముట్టుకోవడం మానేశాను. కావాలని కాదు మొదట్లో. స్నానాల గదిలో గ్లాసులో దాని బ్రష్షు కూడా ఉండేది, నాది తీయాలంటే దాన్ని కదపాలి. తర్వాత అలవాటైపోయింది. మళ్ళీ నెత్తురు వచ్చింది, మళ్ళీ పళ్ళు ఊగాయి. కాలేజీ నించి కబురు వస్తే ఒకసారి పని ఎక్కువుందన్నాను, ఒకసారి కాలు బెణికిందన్నాను, ఒకసారి ఫోను మీ నాన్నకిచ్చి నేను లేనని చెప్పమన్నాను. ఆయన, "ఇప్పుడే బయటికెళ్ళింది, నేను కాదు, ఆమే చెప్పమంది," అన్నారు. ఆయనకి అబద్ధం రాదు, నీకు తెలిసిందేగా. ఆ వారమంతా ఆయన మీద అలిగాను. ఆయన మాత్రం అన్నం మెత్తగా పిసికి నా కంచంలో పెట్టేవారు.

నీకు నాలుగు ఉత్తరాలు రాశాను ఈ లోపల. నాలుగింటిలోనూ నా పళ్ళు బాగున్నాయనే రాశాను. నాలుగూ అబద్ధాలే తల్లీ.

పోయిన నెలాఖరున ఏమైందంటే, కుట్టు గదిలో బడిపిల్లల చొక్కాల కాలర్లు కుడుతున్నాను. కత్తెర అందక దారం కొరికాను. కాలర్ మీద టప్పున ఏదో పడింది. తెల్లగా ఉంది.

"గుండీ ఊడింది చూసుకో," అంది కాజాల వదిన పక్క మిషను మీంచి.

నేను తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాను. వదిన కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. ఎప్పుడూ ఒక మాటకి రెండు మాటలు అనే మనిషి. లేచి వచ్చి తన కొంగు తడిపి నా పెదవి తుడిచింది. తుడిచాక మెల్లిగా, "ఎవరి మీద కోపమమ్మా ఇది? నోటి మీద తీర్చుకుంటున్నావు," అంది.

ఆ మాటకి జవాబు ఆవిడకి చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

భయం కాదు, బద్ధకం కాదు, మెట్లు కూడా కాదు. ఆ మెట్లు ఎక్కి, ల్యాబు తలుపు దాకా వెళ్ళి, గాజులోంచి లోపలికి చూసి, ఎన్నిసార్లు దిగి వచ్చానో చెప్పలేను. పని అయ్యాక చాలాసార్లు వెళ్ళాను, ఎవరికీ చెప్పకుండా. తలుపుకి ఎదురుగా తెల్లటి నిలువు పెట్టె కనపడుతుంది. ఇరవై మూడో నంబరు అందులో ఉంది. చెల్లి తన చేత్తో తీసి, దాని చేత్తో మూత పెట్టి, దాని చేత్తో రాసినది. ఇంట్లో దాని బట్టలున్నాయి, చెప్పులున్నాయి, దువ్వెన ఉంది, కానీ అవి అది వాడుకున్నవి. ఇది ఒక్కటే నాకోసం మొదలుపెట్టి సగంలో ఆపిన పని. రెండో సగం నేనిస్తే పని పూర్తవుతుంది. పూర్తయితే పారేస్తారు. అది తనే నాకు చెప్పింది.

నేను వెళ్ళకపోతే అది అక్కడే ఉంటుంది. ఇదీ నా లెక్క. పని మధ్యలో వదిలేసి వెళ్ళే మనిషి కాదు మన చిన్నది, పూర్తి చేయడానికి ఏదో ఒక రోజు కుర్చీ లాక్కుంటుందని నాలో ఎక్కడో ఒక వెర్రి. ఎముక పోతోందని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఇప్పుడు నీకు అర్థమైందిగా, నీ మూడు ప్రశ్నల్లో ఇది ఎందుకు లేదో.

పన్ను ఊడిన మూడో రోజు ఏడోసారి ఫోను వచ్చింది. డాక్టరమ్మ కాదు, ల్యాబులో చెల్లి చోటికి వచ్చినాయన. గొంతు వింటే పెద్దవాడే అనిపించింది.

"అమ్మా, ఎవరో చెయ్యమంటే చేసిన ఫోను కాదిది. ఈ పెట్టె ఇప్పుడు నా పూచీ. మిగతావాళ్ళ పరీక్షలన్నీ అయిపోయాయి, ఇరవై మూడు ఒక్కటే మిగిలింది. మీద తేదీ చూస్తే ఏడాది కావస్తోంది."

"గడ్డ కట్టే పెట్టెలో ఉందిగా. పాడవదుగా?"

"ఆలస్యంగా పాడవుతుంది, అంతేనమ్మా. ఎంత చలిలో పెట్టినా లోపలున్నది కొంచెం కొంచెంగా విరుగుతూనే ఉంటుంది. ఇంకా వదిలేస్తే, పరీక్ష చేసినా వచ్చే అంకెని నేను నమ్మలేను. అప్పుడు తీసిందీ తీయందీ ఒకటే అయిపోతుంది. అలా కానివ్వడం నాకిష్టం లేదు. వీటిని తీసింది ఎవరో గానీ చేయి తిరిగిన మనిషి. నలభై ట్యూబుల్లో ఒక్కదానికీ నెత్తురు అంటలేదు," అన్నాడు.

ఆయనకి నేనెవరో తెలీదు. ఇరవై మూడో నంబరు అంతే. మీ నాన్న, "ఎవరు?" అన్నారు. "చిన్నదాని పని బాగుందంటున్నారు," అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి చొక్కా వేసుకోవడం మొదలుపెట్టారు. నాతో రావడానికి.

పోయిన మంగళవారం వెళ్ళాం. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "మూడు నెలల లెక్కకి మీ రెండోది ఇప్పుడు పనికిరాదు. మా పరిశోధన కోసం కాదు, మీ నోటి కోసం చేద్దాం," అన్నారు. ల్యాబాయన తల నెరిసిన మనిషి. డాక్టరమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పాక, కళ్ళజోడు తీసి తుడుచుకుని నాకు కుర్చీ వేశాడు.

"ఒకసారి చూపిస్తారా?" అని అడిగాను.

పెట్టె తెరిస్తే పొగలాగా చలి బయటికి వచ్చింది. పటకారుతో తీసి ఐసు గిన్నెలో నిలబెట్టాడు. వంగి చూశాను. ఇరవై మూడు అని ఉంది, కింద తేదీ. చుట్టూ తిప్పించి కూడా చూశాను. ఇంకేమన్నా ఉంటుందేమోనని పది నెలలుగా ఆశ. ఒక గీత, ఒక గుర్తు, తన అమ్మదని తనకి మాత్రం తెలిసేలా ఏదో ఒకటి. ఏమీ లేదు తల్లీ. ఇరవై రెండు ఎలా రాసి ఉంటుందో, ఇరవై నాలుగు ఎలా రాసి ఉంటుందో ఇదీ అలాగే రాసింది. మొదట గుండె జారిపోయింది. తర్వాత, ఎందుకో చెప్పలేను, చాలా గర్వంగా అనిపించింది. పని దగ్గర కూర్చుంటే దానికి నేను కూడా అందరిలో ఒకదాన్నే.

"ఒక్కసారి పట్టుకోవచ్చా?" అన్నాను.

"వద్దమ్మా," అన్నాడాయన, చాలా మెత్తగా. "మీ వేళ్ళ వేడి చాలు, పాడైపోతుంది."

నేను పట్టుకుంటే చెల్లి చేసిన పని పాడవుతుంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మీ నాన్న వెనక నించి వచ్చి ఆ రెండింటినీ పట్టుకున్నారు.

రెండోది ఆయనే తీశాడు. దూది, గాలి, కాగితం ముక్క, ముప్పై అంకెలు. నాకు లోపల ఒకటి నించి లెక్కపెడుతున్నది వేరే గొంతు. కానీ కదల్లేదు. నెత్తురు లేని చోటు దొరకడానికి ఆయన నాలుగు ముక్కలు పారేయాల్సి వచ్చింది. చెల్లికి ఒకటే పోయింది.

శుక్రవారం ఫలితం చెప్పారు. చిన్న చిన్న గుంటలున్న పళ్ళెం, ఒక్కో గుంటలో పసుపు నీళ్ళు. ఎంత ముదురు పసుపైతే విప్పేవాళ్ళని పిలిచే చీటీలు అన్ని ఉన్నట్టు. చెల్లి తీసినది ముదురుగానే ఉంది. దాని పక్కన నాది ఇంకా ముదురు. మార్కులు పెరిగాయి. అంటే తప్పాను, అదీ అందరికంటే ఎక్కువ మార్కులతో.

"మొదటిది లేకపోతే ఈ అంకె పక్కన పెట్టి చూడటానికి నాకేమీ ఉండేది కాదు," అన్నారు డాక్టరమ్మ. "ఎముక ఎంత పోయిందో ఫిల్మ్ చెప్తుంది. ఇంకా పోతూనే ఉందని ఈ రెండూ కలిసి చెప్తున్నాయి. ఇక ఒక్క వారం కూడా ఆగను. కింద ముందు పళ్ళు ఇంకో రెండు తీసేయాలి, వాటికి పట్టు లేదు. మిగతావి నిలుస్తాయి, మీరు నిలబెట్టాలనుకుంటే."

అయ్యాక ఆ రెండు ట్యూబుల్నీ పారేసే పసుపు సంచిలో వేశారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఇవ్వమని అడగలేదు. అందులో ఉన్నది అంకెగా మారిపోయి డాక్టరమ్మ కాగితంలోకి వచ్చేసింది, సంచిలోకి వెళ్ళింది ఖాళీదే అని నాకు నేను చెప్పుకున్నాను. సగం నమ్మాను.

నిన్న రెండు పళ్ళూ తీశారు. నొప్పి లేదు, మాట మాత్రం ఈల వేసినట్టు వస్తోంది. "కండక్టరు నేను, విజిలు నీకు," అన్నారు మీ నాన్న. బ్రష్షు కొత్తది కొనుక్కున్నాను. చెల్లిది ఆ గ్లాసులోనే ఉంది, పక్కకి జరిపి నాది పెట్టాను. మళ్ళీ లోపలంతా శుభ్రం చేయడం సోమవారం నించి. నెలకోసారి వెళ్ళాలి. వెళ్తాను. ఇది అబద్ధం కాదు, మీ నాన్నని అడుగు, ఆయనకి రాదు కదా.

నీకొక పని. ఇది కుటుంబాల్లో పాకే జబ్బట, డాక్టరమ్మ గట్టిగా చెప్పమన్నారు. బ్రష్షు చేసుకుంటే నెత్తురు వస్తోందా? నీళ్ళు పుక్కిలిస్తే గులాబీ రంగులో ఉంటున్నాయా? ఉంటే వాన సంగతి ఇంకెవరికైనా అప్పగించి కొండ దిగు. నాలాగా నోరు మూసుకుని నవ్వకు.

ఇంకొక్కటి రాసి ఆపేస్తాను. శుక్రవారం డాక్టరమ్మ బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచారు. వాళ్ళ పరిశోధనంతా అందులోనే ఉందట. పైన ఎర్ర చుక్కలు, చెదురుమదురుగా. అవి జబ్బున్న మావి. అందరికంటే పైనున్న దాని మీద వేలు పెట్టి, "మీరు ఇక్కడున్నారు," అన్నారు. తర్వాత వేలు కాగితం అడుక్కి తెచ్చారు. అక్కడ పది నల్ల చుక్కలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా ఉన్నాయి. "వీళ్ళ చిగుళ్ళు బాగున్నాయి. మీరు ఇక్కడి దాకా దిగకపోయినా, ఇటు వైపు దిగుతూ ఉండాలి."

"ఈ పది మందీ ఎవరండీ?" అన్నాను. ఊరికే అడిగాను, అంత మంచి నోళ్ళు ఎవరివా అని.

"మొదట్లో ఎవరూ ముందుకు రాలేదమ్మా. అందుకని మా ల్యాబులో అప్పుడు ఉన్నవాళ్ళం, పది మందిమీ మేమే కూర్చుని ఇచ్చాం," అన్నారు. నేను ఆవిడ మొహంలోకి చూశాను. "ఏది ఎవరిదో నాకూ తెలీదు. నంబర్లే," అన్నారు.

మీ నాన్న ఆ కాగితం మీదికి వంగారు. నేనూ వంగాను. ఏది అని ఇద్దరం అడగలేదు. పదింటినీ చూశాం, ఒక్కోదాన్నీ చాలాసేపు. ఇంకో పేషంటు వచ్చి గుమ్మంలో నిలబడినా డాక్టరమ్మ కాగితం మడవలేదు.

నేను ఎటు దిగాలో నాకు తెలిసింది తల్లీ. దిగుతాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ